లాక్స్‌టన్ పొలాల గురించి మీరడిగినవి

రెండు సంచికల క్రితం ఎవరో ఇంగ్లండ్ రైతుల గురించి అడిగితే, నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ అనే చిన్న ఊరుంది, అక్కడ ఇప్పటికీ పొలాల మధ్య కంచెల్లేకుండా పాత కాలంలో లాగా చెక్కలు చెక్కలుగా సాగు చేస్తారు, దాని మీద ఊరి పెద్దల కోర్టు కూడా ఉంది అని నాలుగు లైన్లు రాశాను. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి నాటింగ్‌హామ్ వెళ్ళినప్పుడు ఆ ఊరు చూశాను, ఒకసారి కాదు నాలుగుసార్లు వెళ్ళాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

*ప్రశ్న: లండన్ వెళ్తే చూడ్డానికి బోలెడున్నాయి కదండీ, ఐదొందల మంది కూడా లేని పల్లెటూళ్ళో ఏముందని చూడాలి? పొలాలు మనూళ్ళోనూ ఉన్నాయి. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)*

పొలాలు మనకీ ఉన్నాయమ్మా, కానీ తొమ్మిది వందల ఏళ్ళ నాటి పొలం పద్ధతి ఇంకా నడుస్తున్న చోటు చూడ్డం వేరు. 1086లో విలియం రాజు దేశమంతా లెక్కలు తీయించి రాయించిన డూమ్స్‌డే పుస్తకంలో ఈ ఊరి పేరుంది. తర్వాత షేర్‌వుడ్ అడవి కాపలా అధికారం ఉన్న ప్రభువులు ఇక్కడ కోట కట్టుకున్నారు. కోటంటే గోల్కొండ లాంటిది కాదు, మట్టి పోసి ఎత్తు చేసిన దిబ్బ, దాని చుట్టూ కందకం. గోడలేం మిగల్లేదు గానీ ఆ దిబ్బ చెక్కు చెదరకుండా ఉంది, పైకెక్కితే చుట్టూ పల్లపు నేల అంతా కనిపిస్తుంది, గాలి మాత్రం చెవులు పగిలేట్టు కొడుతుంది.

ఊళ్ళోకి రాగానే మీరు గమనించేది ఇళ్ళు. ఇంగ్లండ్‌లో మామూలుగా రైతు ఇల్లు పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది, పక్కింటికి వెళ్ళాలన్నా కారు తీయాలి. ఇక్కడలా కాదు, రైతుల ఇళ్ళన్నీ ఊళ్ళో వీధి పక్కనే వరసగా ఉంటాయి, చాలా ఇళ్ళకి వీధి వైపుండేది పక్క గోడ, వెనకాల పొడుగ్గా దొడ్డి. అచ్చం మన పల్లె లాగా, పొద్దున ఊళ్ళోంచి పొలానికి, సాయంత్రం పొలం నుంచి ఊళ్ళోకి. పొలాలు ఉమ్మడిగా ఉన్న కాలంలో ఎవరికీ ఒకే చోట భూమి లేదు కాబట్టి పొలంలో ఇల్లు కట్టుకునే అవసరమే రాలేదు. మిగతా ఊళ్ళల్లో పొలాలు విడగొట్టాక ఇళ్ళు కూడా చెదిరిపోయాయి, ఇక్కడ చెదరలేదు. నేను మొదటిసారి ఆ వీధిలో నడుస్తుంటే అమ్మాయి "నాన్నా, ఏంటి అంత నవ్వుతున్నావ్" అని అడిగింది.

*ప్రశ్న: సార్, గట్లు లేవు, కంచెలు లేవు అంటున్నరు, మరి ఎవని భూమి యాడిదాంక ఉందో ఎట్ల తెలుస్తది? మా తాన గుంట జాగ కోసం అన్నదమ్ములు మాట్లాడుకుంటలేరు. (సిద్దిపేట నుంచి ఒక రైతు)*

ఇది అసలు ప్రశ్న, దీనికి కొంచెం ఎక్కువే రాస్తాను.

మూడు పెద్ద పొలాలున్నాయి. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అంటారు, అంటే పడమటి చేను, దక్షిణపు చేను, మర చేను అనుకోండి. మూడూ కలిపి 480 ఎకరాల పైచిలుకు. ఒక్కో పెద్ద చేనులో బారుగా చెక్కలు, ఒక్కో చెక్క ఒక్కో రైతుది, మధ్యలో ముళ్ళకంప లేదు, రాతి గోడ లేదు, వైరు లేదు. ఒక చెక్కకీ ఇంకో చెక్కకీ హద్దు అంటే కొసన పాతిన మేకు, మధ్యలో దున్నినప్పుడు పడే సాలు, అంతే. చెక్కల కొసల్లో, చేల మధ్యలో గడ్డి బాటలు మాత్రం ఉంటాయి, అవి అందరివీ.

ఇప్పుడు ట్రాక్టరు తిప్పేటప్పుడు ఎవరైనా ఒక అడుగు ఇవతలికి జరిగితే? అదే జరక్కుండా చూసేది జూరీ. ఏటా నవంబర్ ఆఖర్లో జూరీ డే అని పెట్టుకుంటారు, ఊళ్ళో రైతుల్లోంచే 12 మంది, వాళ్ళకొక ఫోర్‌మన్. అక్టోబర్‌లో గోధుమ విత్తుంటారు, నవంబర్‌ కల్లా మొలకొచ్చి పచ్చగా గీతల్లాగా కనిపిస్తుంది, ఎవరు ఎక్కడిదాకా విత్తారో దాచిపెట్టడం కుదరదు, అందుకే ఆ టైమ్‌లో పెట్టుకున్నారు, ఎంత తెలివో చూడండి. ఆ ఏడు గోధుమ వేసిన చేను ఒక్కటే చూస్తారు. ట్రాక్టరు వెనక ట్రైలర్‌లో అందరూ కూర్చుని చేలోకి వెళ్తారు, దిగి నడుస్తారు, మేకు పోయిన చోట కొత్తది పాతుతారు, ఎవరైనా గడ్డి బాట మీదకి దున్నేస్తే రాసుకుంటారు.

నేను ఒక నవంబర్ పొద్దున్న బాట పక్కన నిలబడి చూశాను. చలికి నా చేతులు జేబులోంచి బయటికి రావట్లేదు. ఒక పెద్దాయన, డెబ్బై దాటే ఉంటాయి, బూట్లకి శేరు మట్టి, చేతిలో కొత్తగా చెక్కిన కర్ర మేకు. దాన్ని నేల మీద ఆనించి ఒక కన్ను మూసి ఆ చివరి మేకు వైపు చూస్తున్నాడు. కొంచెం ఎడమకి జరిపాడు. మళ్ళీ చూశాడు. పక్కన కుర్రాడు పెద్ద సుత్తి పట్టుకుని వెయిటింగు. ఆ పెద్దాయన తల ఊపాక మూడు దెబ్బలు, మేకు దిగింది, కాగితం మీద ఒక టిక్కు, ముందుకెళ్ళిపోయారు. అరుపుల్లేవు, టేపు కూడా తీయలేదు. ఆ చెక్క ఎవరిదో ఆ రైతు కూడా ఆ పన్నెండు మందిలోనే ఉండొచ్చు, వచ్చే ఏడు ఇతని చెక్క వాళ్ళు చూస్తారు.

వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. కోర్ట్ లీట్ అంటారు దాన్ని. స్టీవార్డ్ అనే అధికారి అధ్యక్షత, జూరీ తన రిపోర్టు చెప్తుంది, తప్పు చేసిన వాళ్ళకి జరిమానా వేస్తారు. పెద్ద మొత్తమేం కాదు, కానీ ఊరందరి ముందు పేరు చదువుతారు, ఆ బాధ ముందు డబ్బు బాధ ఎంత. ఇలాంటి ప్రభువుల కాలం నాటి కోర్టులు ఇంగ్లండ్‌లో ఇంకొన్ని పేరుకి మిగిలాయి, అవి ఉత్సవంగా జరుపుకుంటారు, సాగు విషయం నిజంగా తేల్చేది మాత్రం లాక్స్‌టన్‌దే.

మాకు మా ఊళ్ళో చేలకెళ్ళే డొంక ఉండేది, రెండు బళ్ళు పక్కపక్కన పోయేవి. ఇటు ఒకరు ఏడాదికి ఒక సాలు, అటు ఒకరు ఒక సాలు కలుపుకుంటూ పోతే నేను ఉద్యోగంలో చేరే నాటికి సైకిలు పట్టడమే కష్టమైంది. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ డొంక గురించే బాధపడ్డారు, అర్జీలు కూడా పెట్టారు. ఆ నవంబర్ పొద్దున్న నాకు గుర్తొచ్చింది అదే. సిద్దిపేట వైపు బండ్ల బాట అంటారు కదా, మీకూ ఈ బాధ తెలిసే ఉంటుంది.

*ప్రశ్న: ఒక్కో రైతుకీ అక్కడో చెక్క ఇక్కడో చెక్క ఎందుకు, అంతా ఒకే చోట ఇస్తే సుఖం కదా? (ఏలూరు)*

మనింట్లో ఆస్తి పంచేటప్పుడు పెద్దాడికి పల్లం చిన్నాడికి మెరక ఇస్తామంటే ఒప్పుకుంటారా? మెరకలో సగం, పల్లంలో సగం, రోడ్డు పక్కన సగం అంటారు. అక్కడా అదే లెక్క. మంచి నేల అందరికీ కొంచెం, నీళ్ళు నిలిచే బంకనేల అందరికీ కొంచెం. పైగా మూడు చేలల్లోనూ ప్రతి ఒక్కరికీ చెక్కలుండాలి, ఎందుకంటే ఏటా మూడింట్లో ఒక చేను వంతులవారీగా బీడు పెట్టేవారు, చెక్కలన్నీ ఆ చేనులోనే ఉంటే ఆ ఏడు ఒక కుటుంబానికి మొత్తం తిండే ఉండదు.

చెక్క బారుగా ఎందుకుందో కూడా చెప్తాను, ఇది మీకు నచ్చుతుంది. ఎద్దుల జట్టు ఆగకుండా ఒక్క ఊపున దున్నగలిగే సాలు పొడుగుని ఫర్లాంగు అన్నారు, ఆ మాటకి అర్థమే సాలు పొడుగు. 220 గజాలు. దాన్ని 22 గజాల వెడల్పుతో గుణిస్తే 4,840 చదరపు గజాలు, అదే ఎకరం. ఆ 22 గజాలే సర్వే గొలుసు పొడుగు, క్రికెట్ పిచ్ పొడుగూ అదే. గొలుసుకి 100 లింకులు, వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. మన పాత పొలం పటాల్లో లింకులు రాసుంటాయి కదా, ఇంగ్లీషు వాళ్ళ ఎద్దు నడిచిన దూరం గొలుసై మన రిజిస్ట్రేషన్ ఆఫీసు దాకా వచ్చింది. సిద్దిపేట రైతు గారి గుంట కూడా ఎకరంలో నలభయ్యో వంతే, 121 చదరపు గజాలు.

లాక్స్‌టన్ చెక్కలు పూర్వం ఇంకా చిన్నవి, ఇంకా ఎక్కువ. ట్రాక్టర్లు వచ్చాక అంత సన్న చెక్కల్లో తిరగడం కష్టమని కలిపి పెద్దవి చేశారు. అంటే పాత పద్ధతి అలాగే ఫ్రీజ్ చేసి పెట్టలేదు, బతకడానికి కావలసినంత మార్చుకున్నారు, నాకైతే అదే మంచిదనిపించింది.

*ప్రశ్న: ఇంగ్లండ్ అంతా కంచెలు పడ్డప్పుడు ఈ ఊరొక్కటే ఎలా తప్పించుకుంది? (విశాఖపట్నం నుంచి చరిత్ర లెక్చరర్)*

ఒక్కటే అనడం కరెక్టు కాదండి. డెవన్‌లో బ్రాంటన్ దగ్గర పెద్ద చేను ఉంది, లింకన్‌షైర్‌లో ఆక్స్‌హోమ్ వైపు కొన్ని చెక్కలు మిగిలాయి. కానీ చెక్కలు, పంట మార్పిడి, కోర్టు, మూడూ కలిసి బతికుంది లాక్స్‌టన్‌లోనే.

మీకు తెలిసిందే అయినా మిగతా పాఠకుల కోసం చెప్తాను. 1604 నుంచి 1914 దాకా అక్కడి పార్లమెంటు 5,200కి పైగా చట్టాలు చేసి, ఉమ్మడి పొలాలూ బంజర్లూ కలిపి సుమారు 68 లక్షల ఎకరాలు విడగొట్టి కంచెలు వేయించింది. ఇంగ్లండ్ మొత్తం నేలలో ఐదో వంతు పైనే. దిగుబడి పెరిగింది, అది నిజం. ఆవుని బంజరులో మేపుకుని బతికే చిన్నవాడి బతుకు పోయింది, అదీ నిజం. లాక్స్‌టన్‌లో కూడా ఊరి భూమిలో చాలా భాగం కంచెల్లోకి పోయింది, నేను చెప్పే మూడు చేలు మిగిలిన ముక్క మాత్రమే.

ఈ ఊరికి ఇంకో అదృష్టం ఉంది. 1635లో అప్పటి యజమాని సర్ విలియం కోర్టెన్ మార్క్ పియర్స్ అనే సర్వేయరుని పెట్టి ఊరంతా కొలిపించాడు. ప్రతి చెక్కా, అది ఎవరి సాగులో ఉందో, పుస్తకంలో రాయించాడు, దాంతో పాటు పెద్ద మ్యాపు. ఆ మ్యాపు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. మామూలు గీతల మ్యాపు కాదు, చేలల్లో నాగలి దున్నే వాళ్ళు, కోత కోసే వాళ్ళు బుల్లి బుల్లి బొమ్మలుగా గీశాడు. అప్పటి మ్యాపు, ఇప్పటి పొలం పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, ఇలాంటి వీలు ఎన్ని ఊళ్ళకుంది చెప్పండి.

తర్వాత పియర్‌పాంట్ వంశం చేతికొచ్చింది, వాళ్ళకే తర్వాత ఎర్ల్ మాన్వర్స్ అనే ప్రభువు బిరుదు వచ్చింది, పక్కనే థోర్స్‌బీ వాళ్ళ నివాసం. రైతులు ఎక్కువమంది కౌలుదార్లే. 1952లో ఆఖరి ఎర్ల్ ఈ ఎస్టేటుని అమ్మాల్సి వచ్చినప్పుడు విడివిడిగా అమ్మితే పద్ధతంతా పోతుందని వ్యవసాయ మంత్రిత్వ శాఖకి అమ్మాడు. 1981లో అది క్రౌన్ ఎస్టేట్, అంటే రాజకిరీటం పేరిట ఉన్న ఆస్తులు చూసే సంస్థ, చేతికి వెళ్ళింది, ఈమధ్య మళ్ళీ థోర్స్‌బీ ఎస్టేటుకే వచ్చింది. యజమానులు ఎన్నిసార్లు మారినా నవంబర్‌లో జూరీ మాత్రం నడుస్తూనే ఉంది.

*ప్రశ్న: మూడో వంతు పొలం బీడు పెడితే నష్టం కాదా? (కర్నూలు)*

పూర్వం నిజంగానే ఖాళీగా వదిలేవారు. ఒక చేను గోధుమ, ఇంకోటి వసంతంలో వేసే బార్లీయో ఓట్సో బఠాణీయో, మూడోది పడావు, పశువుల్ని తోలితే పేడ పడి సత్తువ పుంజుకునేది. మరుసటేడు వరస మారుతుంది. ఇప్పుడు ఆ మూడో చేనులో ఎక్కువగా పశువులకి మేత పెంచి కోసుకుంటున్నారు, కాబట్టి మొత్తం నష్టం అనలేం. కానీ ఏ రైతూ తన చెక్కలో తన ఇష్టం వచ్చింది వేయడానికి లేదు, చేను మొత్తానిదీ ఒకే వరస. మన దగ్గర చెరువు కింద నీళ్ళొదిలేది ఒకేసారి కాబట్టి అందరూ ఒకేసారి నారు పోస్తారు చూడండి, అలాంటి కట్టుబాటు.

దీంతో పాటు సైక్స్ అని ఉన్నాయి. చేల మధ్య వాలుగా, తడిగా, దున్నడానికి వీల్లేని చోట్ల గడ్డి బీళ్ళు. ఎప్పుడూ నాగలి తగల్లేదు కాబట్టి వేసవిలో రకరకాల పూలు, ప్రభుత్వం వాటిని ప్రత్యేక రక్షణ కింద పెట్టింది. ఆ గడ్డికి ఏటా వేలం. మనూళ్ళో చెరువు చేపల పాట, చింతచెట్ల పాట ఉంటాయి కదా, వాళ్ళది గడ్డి పాట.

*ప్రశ్న: పశువులు చేలో పడితే? (మదనపల్లె)*

బందెలదొడ్డి ఉంది! నేను కూడా ఆశ్చర్యపోయాను. పిన్‌ఫోల్డ్ అంటారు, ఊళ్ళో ఇప్పటికీ కనిపిస్తుంది. తప్పిపోయిన పశువుని అందులో పెట్టి జరిమానా కట్టించుకుని వదిలేవారు, దానికి కాపలా మనిషిని పిండర్ అంటారు. మా ఊళ్ళో బందెలదొడ్డి గోడలు నా చిన్నప్పుడే కూలిపోయాయి, పేరు మాత్రం ఇంకా ఆ మూలకి ఉంది.

*ప్రశ్న: అమెరికాలో లెక్సింగ్టన్‌కీ ఈ ఊరికీ సంబంధం ఉందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమా? (హైదరాబాద్)*

లాక్స్‌టన్‌ని పాత రోజుల్లో లెక్సింగ్టన్ అని కూడా అనేవారు. మసాచుసెట్స్‌లో లెక్సింగ్టన్ పేరు ఇక్కడి నుంచే వెళ్ళిందని చెప్తారు. మీ అబ్బాయి గాలి కబురు చెప్పలేదు.

*ప్రశ్న: నేను నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను, ఏప్రిల్‌లో అమ్మానాన్న వస్తున్నారు, నాన్న రైతు, ఆయనకి లండన్ కన్నా ఇదే నచ్చుతుందనిపిస్తోంది. ఎలా వెళ్ళాలి, అక్కడ తిండి, కూర్చోడానికి చోటు, ఇంకేమైనా ఉంటాయా? (నాటింగ్‌హామ్ నుంచి ఒక విద్యార్థిని)*

తప్పకుండా తీసుకెళ్ళు తల్లీ. ఊళ్ళోకి నేరుగా రైలు లేదు. దగ్గర స్టేషన్లు న్యూవార్క్, రెట్‌ఫర్డ్, రెండూ లండన్ మెయిన్ లైన్ మీదవే. బస్సుల మీద ఆధారపడితే రోజు పోతుంది, నలుగురు ఫ్రెండ్స్ కలిసి కారు అద్దెకి తీసుకోవడం మేలు, నాటింగ్‌హామ్ నుంచి గంటలోపే.

ముందు పబ్ పక్కన చిన్న విజిటర్ సెంటర్ ఉంది, టికెట్ లేదు, అక్కడ పొలాల పద్ధతి అంతా బొమ్మలతో పెట్టారు, నాన్నకి పది నిమిషాలు అక్కడ చెప్పాకే చేలోకి తీసుకెళ్ళు, లేకపోతే అవి ఉత్త గోధుమ చేలే అనుకుంటారు. డవ్‌కోట్ ఇన్‌లో భోజనం దొరుకుతుంది కానీ పల్లెటూరి పబ్బుల టైమింగ్స్ మారుతుంటాయి, ముందు ఫోన్ చేసి కనుక్కో. అమ్మ శాకాహారి అయితే పులిహోరో పెరుగన్నమో డబ్బాలో పట్టుకెళ్ళడం సుఖం, మేమదే చేశాం, చర్చి ముందు బెంచీ మీద కూర్చుని తిన్నాం. కొనుక్కోవాల్సినవి ఏమైనా ఉంటే దారిలో ఓలర్టన్‌లోనో టక్స్‌ఫర్డ్‌లోనో కొనేసుకోండి.

చర్చి సెయింట్ మైకేల్ పేరుది. తలుపు తీసుంటే లోపలికెళ్ళండి, ఎవరింగ్‌హామ్ వంశం వాళ్ళ సమాధి బొమ్మలున్నాయి. అందులో ఒకటి రాతిది కాదు, ఓక్ చెక్కతో చేసిన స్త్రీ బొమ్మ, పద్నాలుగో శతాబ్దానిది. ఆ జిల్లా మొత్తంలో అలాంటి చెక్క బొమ్మ అదొక్కటే. దగ్గరగా చూస్తే చెక్క పగుళ్ళు ఒంటి పొడుగునా కనిపిస్తాయి, ఏడు వందల ఏళ్ళ దూలాన్ని చూసినట్టుంటుంది. మా ఆవిడ దాని దగ్గర చాలాసేపు నిలబడింది.

ఊరి శివార్లలోనే నేషనల్ హోలోకాస్ట్ సెంటర్ కూడా ఉంది, నాజీలు చంపిన యూదుల జ్ఞాపకార్థం 1995లో ఒక కుటుంబం మొదలుపెట్టింది. తెల్ల గులాబీల తోట ఉంటుంది. అది చూడ్డానికి వేరే రోజు పెట్టుకోండి, పొలం చూసిన సంతోషంతో అక్కడికి వెళ్తే మనసు తట్టుకోదు. తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఏప్రిల్ అంటే గోధుమ మోకాలి కింద వరకు ఉంటుంది, వసంతపు చేను అప్పుడే విత్తి మట్టి కనిపిస్తుంటుంది, మూడో చేనులో గడ్డి. మూడూ మూడు రంగుల్లో పక్కపక్కన కనిపించే నెల అది. నాన్నకి రబ్బరు బూట్లు కొనిపెట్టు, అక్కడిది బంకమట్టి, వాన పడితే మన నల్లరేగడి లాగే కాలు వదలదు. గడ్డి బాటల మీదే నడవమని చెప్పు, ఆయన రైతు కాబట్టి మొలక మీద కాలు వేయరనుకో. చెక్క కొసన కర్ర మేకు కనిపిస్తే ఆగి, అక్కడ నుంచి అవతలి కొస మేకు ఎక్కడుందో వెతకమను, మా మనవడు అరగంట అదే ఆట ఆడాడు. మళ్ళీ నవంబర్‌లో నీకు సెలవు దొరికితే జూరీ డే ఎప్పుడో విజిటర్ సెంటర్ దగ్గర అడిగి పెట్టుకో, పొద్దున్నే వెళ్ళాలి, చేతికి గ్లౌజులు మర్చిపోకు.